హల్లా: ఎవరూ తినని ముద్ద పేరుతో ఒక రొట్టె

శుక్రవారం పొద్దు వాలాక ఆచారం పాటించే యూదుల ఇళ్లలో పొయ్యి ముట్టించరు, పిండి కలపరు. వాళ్ల విశ్రాంతిదినం షబ్బత్ ముగిసి శనివారం చుక్కలు పొడిచేదాకా అంతే. ఆ రాత్రికీ మర్నాటికీ కావలసిన వంటంతా ముందే అయిపోవాలి. ఆ హడావుడిలో మొదట చేతికి పిండి అంటేది హల్లా కోసం. పాయలుగా అల్లి, గుడ్డుసొన పూసి, ముదురు తేనెరంగు వచ్చేదాకా కాల్చే మెత్తని రొట్టె ఇది. న్యూయార్క్ బేకరీల్లోనూ జెరూసలేం బజార్లలోనూ గురువారం నుంచే గుట్టలుగా అమ్ముతారు. అయినా ఇంట్లో చేసుకునేవాళ్లు చేసుకుంటూనే ఉన్నారు. ఆ పట్టుదల వెనక ఒక చిన్న పిండిముద్ద ఉంది. దాన్ని ఎవరూ తినరు.

తెలుగు బైబిలు ఇంట్లో ఉన్నవాళ్లు సంఖ్యాకాండం 15వ అధ్యాయం తీసి చూడవచ్చు. వాగ్దాన దేశంలో అడుగుపెట్టి అక్కడి పంట తినేటప్పుడు, పిసికిన పిండిలో మొదటి భాగం దేవుడికి తీసిపెట్టాలని అక్కడ ఆజ్ఞ. ఆ భాగం యాజకుడికి చెందుతుంది. యాజకులకు భూమి వాటా లేదు కాబట్టి ఊరి పిండిలోంచే వాళ్ల రొట్టె రావాలి. బైబిల్లో హల్లా అంటే ఒక రకం రొట్టె. తర్వాతి ధర్మశాస్త్రంలో ఆ పేరు ఇలా పక్కకు తీసిన ముద్దకు స్థిరపడింది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మసంగ్రహంలో ఈ ముద్ద కోసమే ఒక ప్రకరణం ఉంది. ఇంట్లో వాడకానికి చేసే పిండిలో 24వ వంతు, బజారులో అమ్మకానికి చేసే బేకరీవాడు 48వ వంతు తీయాలి. అమ్మకానికి కాల్చే ఇల్లాలికీ 48వ వంతే. వ్యాపారానికి రాయితీ అప్పుడూ ఉందన్నమాట!

ఎంత పిండి కలిపితే ఈ బాధ్యత పడుతుందో కూడా లెక్క కట్టారు: 43 కోడిగుడ్లు, ఇంకో గుడ్డులో అయిదో వంతు పట్టేంత. అది బైబిలు కొలతలో ఒక ఓమెరు. బైబిలు కథలో ఎడారిలో ఒక్కొక్కరికి రోజుకు దొరికిన మన్నా అనే దైవాహారం కూడా ఓమెరే. అంటే ఒక మనిషి ఒక రోజు తిండికి సరిపడా పిండి ఉంటే, అందులో వేరొకరి వాటా ఉన్నట్టే.

క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చారు. ఆలయం లేక శుద్ధి విధులు ఆగిపోయాయి కాబట్టి యాజకుడు ఆ ముద్ద తినే వీలూ పోయింది. ఆజ్ఞను మాత్రం వదల్లేదు. ఇజ్రాయెల్ దేశం దాటి ఉన్నవాళ్లకు అసలు ఈ బాధ్యత లేదు. అయినా జనం మరిచిపోకుండా అక్కడా పాటించాలన్నారు పండితులు. అందుకే ఇప్పటికీ పిండి పొంగాక ఆలివ్ కాయంత ముద్ద తుంచి, దీవెన చదివి, విడిగా మాడ్చి, చుట్టిపెట్టి పారేస్తారు. సుమారు 1,660 గ్రాముల పిండి ఉంటే దీవెనతో, 1,200 గ్రాములకు పైబడితే దీవెన లేకుండా తీయడం చాలా ఇళ్లలో లెక్క. గురువులను బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ మారతాయి. ఇద్దరే ఉన్న ఇంట్లో కూడా నాలుగైదు రొట్టెలకు సరిపడా పిండి కలిపి, పక్కింటికి పంచడమో ఫ్రీజర్లో పెట్టడమో చేయడానికి కారణం ఈ లెక్కే.

ఇంట్లోనే కాల్చాలన్న మాట ఊరికే పుట్టలేదు. 16వ శతాబ్దపు క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సెర్లెస్, షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథానికి రాసిన టిప్పణిలో, ముద్ద తీయడానికి సరిపడేంత పిండి ఇంట్లోనే కలిపి విశ్రాంతిదినానికి రొట్టెలు చేసుకోవడం ఆచారమనీ, అది ఆ రోజుకు గౌరవమనీ, దాన్ని మార్చకూడదనీ చెప్పాడు. ఈ పని ఆడవాళ్లకు ప్రత్యేకించిన మూడు విధుల్లో ఒకటి. శుక్రవారం దీపం పెట్టడం, నెలసరి నియమాలు మిగతా రెండు. వీటిలో అశ్రద్ధ చేసిన స్త్రీలు ప్రసవంలో చనిపోతారని మిష్నా హెచ్చరిస్తుంది. ఈనాటి చెవికే కాదు, ఏనాటి చెవికైనా అది కటువైన మాటే. దాని కింద నలిగిన ఆడవాళ్లే ఈ పనిని తమదిగా చేసుకున్నారు. 18వ శతాబ్దంలో సారా బాస్ తోవిమ్ అనే రచయిత్రి, హీబ్రూ రాని స్త్రీల కోసం ఇద్దిష్ భాషలో ప్రార్థనల పుస్తకం రాసింది. అందులో మొదటి భాగం ఈ మూడు విధుల మీదే. పిండి తొట్టి దగ్గర నిలబడి ఆడవాళ్లు తమ మాటల్లో దేవుడితో మాట్లాడుకున్న కాలం అది.

మరి ఆ జడ ఎక్కడిది? ఆలయంలో వారం వారం మార్చే పన్నెండు సన్నిధి రొట్టెలకు గుర్తుగా ఒక్కో దాంట్లో ఆరు పాయలు, రెండు రొట్టెలకు పన్నెండు అని చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, నా లెక్కలో ఇది రొట్టె వచ్చాక అల్లిన అర్థం. దక్షిణ జర్మనీ, ఆస్ట్రియాల్లో క్రైస్తవులు ఆదివారానికి అల్లిన రొట్టె చేసుకునేవారు. జర్మన్లకు అది నేటికీ హెఫెజోఫ్. పక్కింటి యూదులు ఆ అల్లిక తీసుకుని, పాలూ వెన్నా తీసేసి నూనె పోశారు. మాంసంతో కలిపి పాలపదార్థం తినకూడదన్నది వాళ్ల నియమం. శుక్రవారం రాత్రి భోజనంలో మాంసం ఉంటుంది. ఆస్ట్రియాలో ఇస్రాయెల్ ఇస్సెర్లైన్ అనే పండితుడి ఇంటి అలవాట్లను అతని శిష్యుడు యోసెఫ్ బెన్ మోషే రాసిపెట్టాడు. గుడ్లూ నూనే కొద్దిగా నీళ్లూ పోసి కలిపిన పిండితో చేసిన విశ్రాంతిదినపు రొట్టెను హల్లా అనడం అందులో కనిపిస్తుంది. 15వ శతాబ్దపు మాట ఇది. తీసి పారేసే ముద్ద పేరు అప్పటికి తినే రొట్టెకు ఎక్కింది.

అక్కడి నుంచి పోలెండు, ఉక్రెయిన్, లిథువేనియాలకు పోయింది. వారమంతా నల్లని రై రొట్టె నమిలే పేద ఇంట్లో గోధుమపిండితో తెల్లని రొట్టె ఒక్క శుక్రవారమే కనిపించేది. పేర్లూ ఒకటి కాదు. జర్మనీ యూదులకు ఇది బెర్హెస్. లిథువేనియా వాళ్లు దక్షిణాఫ్రికాకు వలసపోయి అక్కడ ఇప్పటికీ కిట్కె అంటారు. యెమెన్ యూదులు అల్లిక జోలికే పోరు. వాళ్ల కుబానె మూతపెట్టిన గిన్నెలో రాత్రంతా సన్నని సెగ మీద కాలుతుంది. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదుల్లో చాలామంది తీపి తగ్గిస్తారు. తీపెక్కువైతే అది రొట్టె కాదు కేకు, దీవెన మారిపోతుందని వాళ్ల వాదన. కొత్త సంవత్సరానికి గుండ్రంగా చుట్టి కిస్మిస్ వేసి తేనెలో అద్దుకోవడం మాత్రం మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీల ఇళ్లలో దాదాపు అందరికీ ఉన్నదే. పస్కా పండుగ వారంలో పులిసిన పిండి ఇంట్లోనే ఉండకూడదు కాబట్టి అప్పుడు హల్లా లేదు.

బల్ల మీద ఎప్పుడూ రెండు పెడతారు, ఎడారిలో ఆరో రోజున మన్నా రెండింతలు కురిసినందుకు. పైన ఒక గుడ్డ, కింద ఒక పలక. మన్నాకు కింద మంచు, పైన మంచు ఉండేదట. గుడ్డకు ఇంకో కారణమూ చెబుతారు: మామూలుగా దీవెనల్లో రొట్టెదే ముందు వరస, కానీ ఆ రాత్రి ద్రాక్షరసానిది మొదటి దీవెన. రొట్టె చిన్నబుచ్చుకోకుండా మొహం కప్పుతారన్నమాట. రొట్టె మనసే నొప్పించని ఇంట్లో మనుషుల మనసు నొప్పించకూడదని పిల్లలకు చెప్పడానికి ఈ కథ పనికొస్తుంది. తర్వాత గుడ్డ తీసి, దీవెన చదివి, కోసిన ముక్కలు ఉప్పులో అద్ది పంచుతారు.

ఇక చేసే తీరు. కిలో మైదాకు రెండు టీస్పూన్ల ఇన్‌స్టంట్ ఈస్ట్, నాలుగు గుడ్లు, వంద గ్రాముల చక్కెర, అరకప్పు నూనె, మూడు టీస్పూన్ల ఉప్పు, దాదాపు నాలుగు వందల మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. గుడ్లు ఒక్కొక్కటీ వేరే గ్లాసులో కొట్టి చూస్తారు. నెత్తుటి చుక్క కనిపిస్తే ఆ గుడ్డు వాడరు. పది నిమిషాలు గట్టిగా పిసికితే పిండి నునుపెక్కి చేతిని వదులుతుంది. మూతపెట్టి ఉంచితే గంటన్నరలో రెండింతలవుతుంది. మన ఎండాకాలంలో గంటలోపే.

పాయలు మధ్యలో లావుగా, చివర్లలో సన్నగా ఉండాలి. అల్లే ముందు ఒక్కో పాయకూ పొడిపిండి పలచగా రాస్తే, కాలాక గీతలు కలిసిపోకుండా నిలుస్తాయి. ఆరు పాయలకు సూత్రం: కుడిచివరి పాయ ఎత్తి, రెండింటి మీదుగా, ఒకదాని కిందుగా, మళ్లీ రెండింటి మీదుగా ఎడమచివరికి చేర్చాలి. మళ్లీ కుడిచివరిది. మూడోసారికి చెయ్యి దారిలో పడుతుంది. బిగించి అల్లితే కాలేటప్పుడు పక్కలు చిట్లుతాయి, వదులుగానే అల్లాలి. ముప్పావుగంట ఆగి, గుడ్డుసొన రెండుసార్లు పూసి, పైన నువ్వులో గసగసాలో చల్లి, 180 డిగ్రీల దగ్గర ముప్పై అయిదు నిమిషాల దాకా కాల్చాలి. అడుగు తట్టితే బోలు శబ్దం వస్తే అయినట్టే.

ఈ విశ్రాంతిదినం పాటించేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అనే తెలుగు యూదు సమాజం ఉంది. తామూ ఇశ్రాయేలు గోత్రంవాళ్లమేనని చెబుతూ 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు, సొంతంగా సినగోగు కట్టుకున్నారు. విశ్రాంతిదినం వాళ్లకూ శుక్రవారం సాయంత్రమే మొదలవుతుంది.

ప్రపంచంలో మిగతాచోట్ల ఇప్పుడు హల్లా సామూహిక ఉత్సవం కూడా అయింది. 2013లో దక్షిణాఫ్రికా ప్రధాన రబ్బీ వారెన్ గోల్డ్‌స్టీన్ మొదలుపెట్టిన షబ్బత్ ప్రాజెక్టు మరుసటి ఏడాదికి దేశదేశాలకూ పాకింది. ఏటా అది జరిగే వారం హాళ్లలో వరసగా బల్లలు వేసి ఆడవాళ్లు కలిసి పిండి పిసుకుతారు. అల్లిక పొరుగువాళ్లది, తీపి తర్వాత వచ్చింది, పేరు అరువు తెచ్చుకున్నది. ఈ రొట్టెలో అన్నిటికంటే పాతది ఆ తుంచిన ముద్దే. మీరు రొట్టె కోసమే చేసి చూడాలనుకుంటే పైన చెప్పిన కిలో లెక్క సరిపోతుంది. మొదటిసారి మూడు పాయలతో కానివ్వండి, ఆరుకు తర్వాత వెళ్లవచ్చు.