గడ్డకట్టిన బీరు చెప్పిన పాఠం

పులిసిన పానీయం నుండి ఘాటైన మద్యం తీయాలంటే బట్టీ పెట్టి కాచవలసిందేనని చాలామంది అనుకొంటారు. కాని నిప్పు చేసే ఈ పనిని చలి కూడ కొంతవరకు చేయగలదు. నాలుగు శతాబ్దాల క్రిందట కొందరు డచ్చి నావికులకు ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది.

విల్లెం బారెంట్స్ మొదలైనవారు ఉత్తర సముద్రాల మీదుగా తూర్పు దేశాలకు దారి వెదకుతూ 1596లో బయలుదేరారు. ఆగస్టులో నొవాయా జెమ్ల్యా ద్వీపం వద్ద వారి నౌక మంచులో చిక్కుకొన్నది. ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన దుంగలతో ఇల్లు కట్టుకొని వారు చలికాలమంతా అక్కడే గడిపారు. ఆ యాత్రావృత్తాంతాన్ని హెరిట్ డ వేర్ అనే సహచరుడు వ్రాసి 1598లో ప్రచురించాడు.

అక్టోబరులో ఒక బీరు పీపా చలికి అడుగు పగిలింది. నీరు మంచుగా మారినపుడు వ్యాకోచిస్తుంది కదా! లోపలి బీరు చాలావరకు గడ్డకట్టింది. గడ్డకట్టని కొద్దిపాటి చిక్కని ద్రవం త్రాగలేనంత ఘాటుగా ఉన్నది. మంచును కరిగించి చూస్తే ఉత్త నీటి రుచి! రెండింటినీ కలిపి త్రాగారు గాని, ఆ పానీయంలో సత్తువా లేదు, రుచీ లేదు.

ఇలా ఎందుకు జరిగింది? శుద్ధజలం 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గడ్డకడుతుంది. శుద్ధమైన ఆల్కహాలు గడ్డకట్టాలంటే సుమారు -114 డిగ్రీల చలి కావాలి. బీరు చల్లబడేటప్పుడు నీటి అణువులు వరుసగా అమరి మంచు స్ఫటికాలవుతాయి. ఆ అమరికలో ఆల్కహాలుకు చోటు లేదు. అది మిగిలిన ద్రవంలోనే ఉండిపోతుంది.

100 లీటర్ల బీరులో 5 లీటర్ల ఆల్కహాలు ఉన్నదనుకొందాం. సుమారు 75 లీటర్ల నీటిని మంచుగా తీసివేయగలిగితే, మిగిలిన 25 లీటర్లలో అదే 5 లీటర్లు ఉంటుంది. అంటే నూటికి 5 పాళ్లు 20 పాళ్లయింది. కొత్త ఆల్కహాలు ఒక్క చుక్కైనా పుట్టలేదు. నీరు తగ్గింది, అంతే.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. ద్రవం చిక్కబడిన కొద్దీ దాని ఘనీభవన స్థానం దిగిపోతుంది. నూటికి 20 పాళ్ల మిశ్రమంలో మంచు ఏర్పడాలంటే సుమారు -9 డిగ్రీలు, 30 పాళ్లయితే సుమారు -15 డిగ్రీలు కావాలి. అందువల్ల చలి ఎంత తీవ్రమైతే అంతవరకే చిక్కదనం పెరుగుతుంది. సజల ద్రావణాలలో ఘనీభవన స్థానం తగ్గుదల కరిగిన పదార్థపు అణువుల సంఖ్యను అనుసరిస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రౌల్ట్ 1880 దశకంలో నిరూపించాడు.

ఉత్తర అమెరికాలో స్థిరపడిన వలసవారు ఆపిల్ మద్యాన్ని చలికాలంలో ఆరుబయట ఉంచి, పైన కట్టిన మంచును తీసివేసి, 'ఆపిల్‌జాక్' తయారు చేసుకొనేవారు. కాచి తీసేటప్పుడు ముందుగా వచ్చే ఆవిరిని, చివర వచ్చేదాన్ని వేరు చేసి పారబోయవచ్చును. మంచు పద్ధతిలో ఆ వీలు లేదు. ఆల్కహాలుతో పాటు ఇతర హానికర పదార్థాలు కూడ చిక్కబడి అందులోనే మిగులుతాయి.

నావికులను నిరాశపరచిన ఆ సూత్రమే నేడు మేలైన పనులకు ఉపయోగపడుతున్నది. మరిగిస్తే పండ్లరసం సువాసన పోతుంది. అందుచేత కొన్ని పరిశ్రమలలో రసాన్ని గడ్డకట్టించి, మంచును వేరుచేసి, పరిమళం చెడకుండా చిక్కబరుస్తున్నారు.