రత్నఖచిత బాకు, సిపాయి బాయ్‌నెట్టు: హైదరాబాదు ఆయుధ సేకరణలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఎల్బీ నగర్ నుంచి మెట్రోలో మలక్‌పేట వైపు వచ్చేవారికి దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ స్టేషన్ తగులుతుంది. ఆ పేరులో ఒక ఫ్రెంచి సేనాని దాగి ఉన్నాడన్న సంగతి రోజూ ఆ దారిన పోయేవారిలోనూ చాలామందికి తట్టదు. నిజాం కొలువులో పనిచేసిన మిషెల్ జోయకిం రేమండ్ (1755–1798)ను ముస్లింలు మూసా రహీమ్ అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారని స్థానికుల వాడుక. సమీపంలోని అస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి, పక్కనే శిఖరంవంటి రాతి స్తంభం నేటికీ నిలిచి ఉన్నాయి. సేనానికి స్మారకం దక్కింది. ఆయన సిపాయిలు పట్టిన ఆయుధాలకు ఏమి దక్కింది? ఈ ప్రశ్న నుంచి హైదరాబాదులోని ఆయుధ సేకరణ స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

రేమండ్ పటాలం

రేమండ్ 1775లో పుదుచ్చేరి చేరి, 1786లో నిజాం సేవలో ప్రవేశించాడు. ఫతే మైదాన్ సమీపాన ఆయన నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం ‘తోప్ కా సాంచా’గా ప్రసిద్ధమై, గన్‌ఫౌండ్రీ అనే పేరును నగరానికి మిగిల్చింది. యూరపు పద్ధతిలో కవాతు నేర్చిన ఆ పదాతిదళానికి తుపాకీ, దాని కొసన బిగించే బాయ్‌నెట్టు నిత్యాయుధాలు. రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. సెప్టెంబరు 1న నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ దళం రద్దు కావలసి వచ్చింది. జీతాల బకాయిలకై సిపాయిలు తమ అధికారులపైనే తిరగబడ్డారు. అక్టోబరు 22న, రక్తపాతం లేకుండానే, సుమారు 14,000 మంది గల దళం నిరాయుధమయింది.

ఈ ఘట్టాన్ని చరిత్రకారులు కిర్క్‌పాట్రిక్, మాల్కంల చాతుర్యంగానే ఎక్కువగా చెబుతూ వచ్చారు. బకాయి జీతం కోసం తిరగబడిన సిపాయి ఆ కథనంలో ఒక సంఖ్య మాత్రమే. అతడు నేలమీద పెట్టిన బాయ్‌నెట్టు ఏ కొలిమిలో తయారయిందో, దానిపై ఏ ముద్ర ఉండేదో తెలిస్తే ఆ దళపు సరఫరా వ్యవస్థ గురించి ఎంతో తెలుస్తుంది. కాని అటువంటి వస్తువును దాచుకోవాలనే కోరిక సేకర్తలకు సాధారణంగా పుట్టదు.

సేకర్త చూపు

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణ 1951 డిసెంబరు 16న ప్రజలకు మ్యూజియంగా తెరవబడింది. అందులోని ఆయుధాల ప్రసిద్ధి నూర్జహాన్ బాకు, జహంగీరు పచ్చరాతి పిడి కత్తి వంటి వాటిమీద నిలిచి ఉంది. పిడిమీది రత్నాలూ, వాడిన వ్యక్తి పేరూ విలువకు కొలతలయ్యాయి. ఇది ఒక్క సాలార్‌జంగ్ అభిరుచి మాత్రమే కాదు. దర్బారు సంస్కృతిలో ఖడ్గం బహుమతి, హోదాచిహ్నం. అయితే ఆ చూపునే పరిశోధకులూ అరువు తెచ్చుకోవడం సరికాదు.

ఇందుకు కోనసముద్రం గట్టి ఉదాహరణ. నేటి నిజామాబాదు జిల్లాలోని ఈ గ్రామంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు అల్లికరేఖల కత్తులకు ముడిసరుకు. హెన్రీ వోయ్సీ అక్కడి తయారీని స్వయంగా చూసి రాసిన వివరణ ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి ఆయన అక్కడే కలుసుకున్నాడు. అంటే అలకపై ‘పర్షియన్ ఖడ్గం’ అనే చీటీతో ఉన్న వస్తువులోని లోహం తెలంగాణ కొలిమిదై ఉండవచ్చు. శైలిని మాత్రమే చూసి రాసిన చీటీ కొలిమి పనివాణ్ణి చరిత్రలోంచి తప్పిస్తుంది.

ముద్రలను చదవడం

దీనికి భిన్నమైన సేకరణ పద్ధతి సెర్బియా, యుగోస్లావియా సైనికాయుధాల విషయంలో కనిపిస్తుంది. అక్కడి క్రాగుయెవట్స్ పట్టణం కూడా మన గన్‌ఫౌండ్రీ వలెనే ఫిరంగుల పోతతో పేరుపొందింది. 1853లో అక్కడ తొలి ఫిరంగులు పోశారు. రెండు ప్రపంచయుద్ధాల నడుమ అక్కడ తయారైన బాయ్‌నెట్లపై ‘సైనిక సాంకేతిక సంస్థ’ అనే అర్థమిచ్చే సిరిలిక్ పొడి అక్షరాలు ఉంటాయి. ఆ లిపి రానివారు వాటిని రోమన్ అక్షరాలూ ఒక అంకెగా చదివి ‘బీటీ 3’ అని రాసుకోవడం సేకర్తల లోకంలో పరిపాటి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జర్మనుల నుంచి చిక్కిన బాయ్‌నెట్లను బాగుచేసి, పాత గుర్తులు అరగదీసి, ‘44వ సంస్థ’ అనే కొత్త ముద్ర వేశారు. ఆ అరగదీసిన చోటు కూడా సేకర్తకు పఠనీయమే: ఒక సైన్యం ఓడి, మరొక రాజ్యం నిలదొక్కుకుంటూ, ఉక్కు కొరతలో ఉన్నదానినే వాడుకున్న వైనం అందులో ఉంది. రత్నం ఒక్కటీ లేని వస్తువు ఇంత చెబుతుంది.

మన ప్రాంతపు పాత ఇళ్లలో మిగిలిన కత్తుల విషయంలో ఇటువంటి పఠనానికి మొదటి శత్రువు శుభ్రత. తుప్పు వదలాలని ఉప్పుకాగితంతో రుద్దితే ముద్ర పోతుంది, కోనసముద్రపు ఉక్కు అయితే అల్లికరేఖలూ పోతాయి. రెండవది భయం. 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలకలను, ఇంటి పనిముట్లు, వ్యవసాయ పనిముట్లు వంటివి మినహాయించి, 1959 ఆయుధ చట్టం కింది నిబంధనలు ఆయుధాలుగా పరిగణిస్తాయి. 100 ఏళ్లకు పైబడిన వస్తువులకు 1972 పురావస్తు చట్టం వర్తిస్తుంది. ఈ రెంటి నడుమ తన స్థితి తెలియని గృహస్థుడు వస్తువును బయటికి చూపడానికి జంకడంలో ఆశ్చర్యం లేదు. అందువల్ల క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధకుడు కత్తిని అడిగి తెచ్చుకోనక్కరలేదు. అలక పొడవు, పిడి బిగింపు, ముద్ర ఉన్న చోటు, అరగదీత గుర్తులు, ఆ ఇంటివారు దాన్ని పిలిచే మాట, అది ఎవరి చేతిలో ఉండేదన్న జ్ఞాపకం నమోదు చేసుకుని, వస్తువును ఉన్నచోటనే ఉంచి రావచ్చు.