గుజ్జనగూళ్లకు మార్కులెవరేశారు?

వంటిల్లు గురించి మనం చాలా రాసుకున్నాం. పొయ్యి దగ్గరే తెల్లారిపోయిన బతుకుల గురించి కథలొచ్చాయి, కవిత్వమొచ్చింది. అయితే ఆడపిల్లకు ఆ వంటింటికంటే ముందు ఇంకో వంటిల్లు పరిచయమవుతుంది. అది బొమ్మల వంటిల్లు. ఇప్పుడది కంప్యూటర్ తెర మీదికి చేరింది. ఈ ప్రయాణంలో ఏది రాలిపోయింది, ఏది మిగిలింది అన్నది స్త్రీల చరిత్రకు సంబంధించిన ప్రశ్నేనని నేననుకుంటున్నాను.

పిల్లల ఉత్తుత్తి వంటకు తెలుగులో పాతమాట గుజ్జనగూళ్లు. పోతన భాగవతంలో చిన్నారి రుక్మిణి గుజ్జనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది. రాజు కూతురు కదా, వండదు, వండిస్తుంది. పొయ్యి ముందు కూర్చున్నదెవరో పద్యం చెప్పదు. మా తరానికి ఆ ఆట లక్కపిడతలతో అందింది. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగులద్ది చేసిన బుల్లి గిన్నెలవి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేం ఇసుకను అన్నమనేవాళ్లం, ఆకుల్ని కూర అనేవాళ్లం. అమ్మాయిలం వండితే అబ్బాయిలు ‘ఆఫీసు నుంచి’ వచ్చి తినేవాళ్లు. పితృస్వామ్యం మా బువ్వలాటలోనూ పీట వేసుకునే కూర్చుంది. కానీ ఒక వెసులుబాటుండేది. ఆట నియమాలు మావే. విసుగొస్తే గిన్నెలు బోర్లించి లేచిపోయేవాళ్లం. కూర బాగాలేదని మార్కులు తగ్గించేవాళ్లెవరూ లేరు.

అమెరికాలో ఈ ఆట 1963లోనే కరెంటుకెక్కింది. కెన్నర్ అనే బొమ్మల కంపెనీ ‘ఈజీ బేక్ ఓవెన్’ తెచ్చింది. రెండు 100 వాట్ల బల్బుల వేడికి అందులో నిజంగానే చిన్న కేకు ఉడికేది. మొదటి ఏడాదే సుమారు 5 లక్షలు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా అది ఆడపిల్లల బొమ్మగానే చలామణీ అయింది. 2012లో న్యూజెర్సీలో 13 ఏళ్ల అమ్మాయి ఒకతె, వంటంటే ఇష్టపడే తన తమ్ముడి కోసం సంతకాల సేకరణ మొదలుపెట్టింది. డబ్బా మీద మగపిల్లల బొమ్మలు కూడా వేయమని అడిగింది. 40 వేలకు పైగా సంతకాలొచ్చాయి. అప్పటికి ఆ బొమ్మ హాస్‌బ్రో కంపెనీ చేతిలో ఉంది. ఆ డిసెంబరులోనే ఆ కంపెనీ నలుపు, వెండి రంగుల ఓవెన్‌ను చూపించింది.

ఈలోగా 2006లో జపాన్ నుంచి ‘కుకింగ్ మామా’ అనే వీడియో గేమ్ వచ్చింది. మామా అంటే మన చెవికి మేనమామ తోస్తాడు గానీ ఆమె తలకు గుడ్డ కట్టుకున్న అమ్మ. నింటెండో డీఎస్ తెర మీద చిన్న పుల్లతో గీస్తూ పిల్లలు కూరలు తరగాలి, కలపాలి, వేయించాలి. ప్రతి పనికీ గడువు ఉంటుంది. చివర్లో కంచు, వెండి, బంగారు పతకాలుంటాయి. వంట చెడితే అమ్మ కళ్లలో మంటలు లేస్తాయి. ఇసుక పోయింది, వేడి పోయింది, తినేవాళ్లూ పోయారు. మిగిలింది పరీక్ష. ఆ పరీక్ష పెట్టే పని అమ్మకే అప్పజెప్పారు. కోడలి వంటకు వంక పెట్టే అత్తగారి పాత్ర మనకు తెలిసిందే. ఇంటి తీర్పును ఆడవాళ్ల నోటితోనే చెప్పించడం పాత పద్ధతే, ఇక్కడ చిన్నపిల్లలకు ఆటగా అందింది.

2011లో స్వీడన్‌కు చెందిన టోకా బోకా సంస్థ ‘టోకా కిచెన్’ తెచ్చింది. అందులో మార్కుల్లేవు, గడువు లేదు. ఏదైనా వండి పెట్టొచ్చు. నచ్చకపోతే తినేవాళ్లు మూతి ముడుస్తారు, అంతే. గుజ్జనగూళ్ల స్వేచ్ఛ కొంత తిరిగొచ్చిందనిపించింది నాకు. ఆడా మగా తేడా లేకుండా పిల్లలందరి కోసం చేసిన ఆట అది.

మా బంధువులింట్లో ఆరేళ్ల బాబు ఇలాంటి ఆటే ట్యాబ్‌లో ఆడటం చూశాను. లక్కపిడతలు ముట్టుకుంటే ‘ఆడంగి ఆటలేంట్రా’ అనే ఇంట్లో దానికెవరూ అభ్యంతరం చెప్పలేదు. అది వంట కాదు, కంప్యూటర్ కదా! వంట బాగుంటే నలభీమపాకమని ఇద్దరు మగవాళ్ల పేర్లు చెప్పుకునే జాతి మనది. తెర వంటింటికి గౌరవం తెచ్చింది, మగపిల్లాణ్ణి గడప దాటించింది. ఇది చిన్న లాభమేమీ కాదు. కానీ ఆ వంటింట్లో అతను దాటొచ్చింది ఆటను మాత్రమే. అక్కడ మసిగిన్నె లేదు, రేపటి పప్పుకు చింత లేదు.

మన దేశంలో ప్రభుత్వం జరిపే కాలవినియోగ సర్వే కూడా ఆరేళ్ల వయసు నుంచే లెక్క మొదలుపెడుతుంది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. 2024లో ఆడవాళ్లకు 289, మగవాళ్లకు 88. ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపే మగవాళ్లది తొమ్మిది తగ్గింది. తేడా 202 నుంచి 201కి వచ్చింది. ఐదేళ్లలో ఒక్క నిమిషం.

పిల్లల ఆటల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆట లోకాన్ని మార్చాలని అడగడమూ అన్యాయమే. ఆ పని పెద్దవాళ్లది. ఆరేళ్లవాడి చేతిలో ట్యాబ్ పెట్టగలిగిన ఇల్లు, తిన్న కంచం తీసే పని కూడా వాడికి పెట్టగలగాలి. ఆడపిల్లకు ఆ పని చెప్పడానికి మనం ఏనాడూ వయసు చూడలేదు.