వంటగదికి కొలబద్ద

ఇంటికి అందము తెచ్చునది ముందుసావిడి యని మనము తలచుచుందుము. కాని ఇల్లాలి దినములో అధికభాగము గడచునది వంటగదిలో. ఆ గదిని గూర్చి వాస్తుశిల్పులు ఏమి యోచించిరో చూతము.

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున సామాన్యుల గృహములకై మార్గరేటె షుటె-లిహోత్స్కీ అను వాస్తుశిల్పిని యొక వంటగదిని రూపొందించెను. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలుబండ్లలోని వంటయిండ్లను పరిశీలించి, ఒక్కొక్క పనికి పట్టు కాలమును లెక్కించి, అన్నియు చేతికందునట్లు అమర్చెను. కిటికీకడ కూరలు తరుగు బల్ల, పేర్లు వ్రాసిన దినుసుల సొరుగులు, కూర్చుండుటకు తిరుగు పీట! ఇట్టివి సుమారు 10,000 ఇండ్లలో వెలసినవి. లోపమును లేకపోలేదు; ఇద్దరు కలసి పనిచేయుటకు అందు చోటు చాలదు.

అచట తొలగింపవలసినది వృథా నడక. మన పల్లెటిండ్లలో పొగ. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిని వివరించు గ్రంథమును వెలువరించిరి. అందు ఒకే మంటపై పలు కుండలు ఉడుకును. పొగ గొట్టము గుండ వెలికి పోవును.

రెండింట నేర్వదగినది ఒక్కటే. వంటగది సొగసును గోడల నిగనిగతో గాక, అందు పనిచేయువారి అడుగులతోను ఊపిరితోను మనము కొలువవలెను.