ఎలాస్టోగ్రఫీ: కాలేయ పరీక్ష

కాలేయం ఎంతవరకు మచ్చకట్టిందో కోత, సూది లేకుండా అల్ట్రాసౌండ్‌తో అంచనా వేసే పద్ధతి. మచ్చకట్టిన కాలేయం గట్టిపడుతుంది. గట్టి కణజాలంలో కంపనం వేగంగా సాగుతుంది కాబట్టి, ఆ వేగాన్ని బట్టి గట్టిదనాన్ని లెక్కగట్టి కిలోపాస్కల్‌లలో చెబుతారు. మన ఆస్పత్రుల్లో దీన్ని ఫైబ్రోస్కాన్ అనే అంటారు గానీ, అది ఒక యంత్రం పేరు.

పొట్ట తడిమి కాలేయం గట్టిదనం చూడటం ప్రాచీన గ్రీకుల నాటి అలవాటు. కామెర్లలో కాలేయం గట్టిపడటం చెడు లక్షణమని హిప్పోక్రటీస్ సూత్రాల్లోనే ఉంది. 1819లో ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ మచ్చకట్టడం ముదిరిన దశకు సిర్రోసిస్ అని పేరు పెట్టాడు. 1958లో మెంఘినీ పద్ధతి వచ్చాక, సూదితో కాలేయపు ముక్క తీసి చూసే బయాప్సీ క్షణాల్లో ముగిసే పని అయింది. అయినా సూదికి చిక్కేది కాలేయంలో సుమారు 50,000వ వంతు. నొప్పి ఉంటుంది, అరుదుగా రక్తస్రావం కూడా అవుతుంది. జబ్బు ఎటు పోతోందో చూడటానికి పదేపదే చేయించదగిన పరీక్ష కాదది. మామూలు అల్ట్రాసౌండ్‌లోనేమో కాలేయం అంచు గరుకుదేరడం, ప్లీహం పెరగడం, పొట్టలో నీరు చేరడం కనిపిస్తాయి. అప్పటికే ఆలస్యమైపోతుంది.

1991లో హ్యూస్టన్‌లో జోనాథన్ ఓఫిర్ బృందం కణజాలాన్ని కొద్దిగా నొక్కి, నొక్కక ముందూ తర్వాతా వచ్చిన ప్రతిధ్వనులను పోల్చి, ఈ విద్యకు ఎలాస్టోగ్రఫీ అని పేరు పెట్టింది. కాలేయానికి దారి చూపింది మాత్రం పారిస్. అక్కడ మథియాస్ ఫింక్ ప్రయోగశాలలో స్టెఫాన్ కాథలీన్, లోరాన్ సాంద్రాన్ ఒక చక్కని ఉపాయం పట్టారు. కంపనాన్ని ఆపకుండా పంపితే తిరిగొచ్చే అలలు కలిసిపోయి కొలత చెడుతుంది. అందుకని ఒకే ఒక్క చిన్న తట్టు తట్టి, అది లోపలికి సాగుతుండగా సెకనుకు వేల సార్లు అల్ట్రాసౌండ్‌తో వెంటాడారు. 2001లో ఈ ఉపాయాన్ని యంత్రంగా మలిచే ఎకోసెన్స్ సంస్థ పుట్టింది. 2003లో దీర్ఘకాల హెపటైటిస్ సి ఉన్న 106 మంది రోగుల ఫలితాలు వెలువడ్డాయి. 2005లో కాస్టెరా బృందం 183 మందిలో దీన్ని బయాప్సీతో సరిపోల్చింది. వైద్యులకు గురి కుదిరింది.

పరీక్షకు కనీసం రెండు, మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. రోగి వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి తలకింద పెట్టుకుంటే, పక్కటెముకల సందులో జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. వేలితో పొడిచినట్టు చిన్న తట్టు తగులుతుంది. పది సరైన కొలతలు తీసి నడిమి అంకె రాస్తారు. ఆరోగ్యవంతుల్లో అది 5 కిలోపాస్కల్‌ల దరిదాపుల్లో ఉంటుంది. కొలతకు అందే భాగం సెంటీమీటరు వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు, అంటే బయాప్సీ ముక్కకు సుమారు వంద రెట్లు. పొట్టలో నీరుంటే ఈ కంపనం కాలేయాన్ని చేరదు. కామెర్లు ఉధృతంగా ఉన్నా, గుండె బలహీనపడి కాలేయంలో రక్తం నిలిచినా, మచ్చ లేకుండానే అంకె పెరుగుతుంది.

2010లో అదే యంత్రంతో కొవ్వునూ కొలవడం మొదలైంది, ఫ్యాటీ లివర్ రోగులకు అది ఎంతో మేలు చేసింది. 2013లో అమెరికా అనుమతి దొరికింది. 2015లో ఇటలీలోని బవేనోలో నిపుణులు మరో మెట్టు ఎక్కారు. సిర్రోసిస్ ఉన్నా లక్షణాలు బయటపడని రోగిలో అంకె 20 లోపు, ప్లేట్‌లెట్లు 1,50,000 పైన ఉంటే, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాల కోసం గొంతులో గొట్టం వేసి చూడనక్కర్లేదన్నారు.