పాత బండి, పెద్ద వయసు, మళ్ళీ పందెం



మోటారుసైకిలు పందెం అనగానే మనకు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళే గుర్తుకొస్తారు. అరవై దాటిన పెద్దమనిషి హెల్మెట్ పెట్టుకుని, తన పడుచుదనం నాటి బండిమీద గుట్టలు, బురద గుంటలు దాటుకుంటూ పోతుంటే, "ఈ వయసులో ఇదేం పనండీ!" అంటాం. ఇంగ్లండు, అమెరికా దేశాల్లో ఆ పని నలభై ఏళ్ళకు పైగా ఒక పద్ధతి ప్రకారం జరుగుతోంది. దాని చరిత్ర ఈరోజు చెప్పుకుందాం. పాతబడిన విద్యను ఎలా బతికించుకోవచ్చో కూడా అందులో ఉంది.

ఈ ఆట పుట్టింది ఇంగ్లండులో. అక్కడ ఉత్తరాన యార్క్‌షైర్‌లో స్కాట్ ట్రయల్ అనే మోటారుసైకిళ్ళ పోటీ జరిగేది. అలాంటిదే దక్షిణాన కూడా పెట్టాలని కొందరు అనుకున్నారు. అయితే నేర్పును బట్టి మార్కులు వేసే పద్ధతి తీసేసి, ఎవరు ముందొస్తే వారే గెలిచినట్టు అన్నారు. అలా 1924 మార్చి 29న సర్రే ప్రాంతంలోని కేంబర్లీలో మొదటి పోటీ జరిగింది. దానికి స్క్రాంబుల్ అని పేరు పెట్టారు. పడుతూ లేస్తూ ఎగబాకడమని ఆ మాటకు అర్థం. తరువాత ఫ్రెంచివారు మోటారుసైకిలులోని 'మోటో'ను, పొలాలకు అడ్డంపడి పోయే పరుగుపందెంలోని 'క్రాస్'ను కలిపి మోటోక్రాస్ అన్నారు. 1952లో 500 సి.సి. బండ్లకు యూరప్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. 1957లో అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయింది.

ఆ కాలపు బండ్లలో ఒకదానికి మన చుట్టరికం ఉంది. చెకోస్లోవేకియాలో తయారైన సీజెడ్ బండిమీద బెల్జియం దేశస్థుడు జోయెల్ రోబెర్ 1964లో 250 సి.సి. ప్రపంచ విజేత అయ్యాడు. తూర్పు జర్మనీకి చెందిన పాల్ ఫ్రీడ్రిక్స్ 1966 నుంచి వరసగా మూడేళ్ళు 500 సి.సి. విజేత. ఈ సీజెడ్‌కు తోబుట్టువు లాంటిదే జావా. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుంచి ఆ బండ్లు తయారుచేసింది. 1973 నుంచి వాటికి యెజ్డీ అని పేరు మారింది. కిక్కు కొట్టే రాడ్డునే మడిచి గేరు వేసే ఆ బండి, మైసూరు, బెంగళూరు, కోలారు వైపు ఉన్న మీలో చాలామందికి తెలిసినదే. అంటే ఈ కథ మనకు మరీ దూరపుది కాదు.

ఇక 1970లలో ఆట రూపు మారిపోయింది. అంతకుముందు వెనకచక్రం గుంటలో పడితే నాలుగు అంగుళాల మేర మాత్రమే పైకీ కిందికీ కదిలేది. మిగతా దెబ్బంతా మనిషి మోకాళ్ళు, నడుము కాచుకోవాలి. 1973లో స్వీడన్ దేశస్థుడు హోకన్ ఆండర్సన్ ఒకే షాక్ అబ్జార్బర్ ఉన్న యమహా బండితో 250 సి.సి. ప్రపంచ విజేత అయ్యాడు. దశాబ్దం ముగిసేసరికి చక్రాల కదలిక సుమారు పన్నెండు అంగుళాలకు చేరింది. బండి ఎంత ఎత్తునుంచి దూకినా తట్టుకోగలిగితే, దూకడానికి అంత ఎత్తు దిబ్బలు పోయడం మొదలుపెట్టారు. 1972లోనే లాస్ ఏంజెలిస్ కొలీజియం స్టేడియంలో మట్టి పోసి పందెం పెడితే, గెలిచినవాడు మార్టీ ట్రైప్స్. వయసు 16 ఏళ్ళు!

దీంతో పాత బండ్లు కొత్తవాటి పక్కన నిలబడలేకపోయాయి. అవి పాకల్లో, పాత ఇనుము కొట్లలో చేరాయి. వాటిని నడిపినవాళ్ళు తాళ్ళ అవతల నిలబడి చూసేవాళ్ళయ్యారు.

అప్పుడు కొందరు ఔత్సాహికులు ఒక ఉపాయం చేశారు. బండి వయసుకు గీత గీశారు. బ్రిటన్‌లో 1965కు ముందరి బండ్లకు ప్రత్యేకంగా పందేలు పెట్టారు. అమెరికాలో 1980లలో పాత రేసు బండ్ల కోసం ఆర్మా అనే జాతీయ సంఘం ఏర్పడింది. అక్కడ వింటేజ్ మోటోక్రాస్‌కు గీత సుమారుగా 1974. బండి ముందుచక్రం ఏడు అంగుళాలు, వెనకచక్రం నాలుగు అంగుళాలు మించి కదలకూడదని నిబంధన. పందెం దారిలో ఆకాశానికి ఎగరేసే దిబ్బలు ఉండవు. నేల సహజంగా ఎలా ఉంటే అలాగే, కొండవాలు, మలుపులు, గడ్డిబీడు. బండ్లకు తరగతులు ఉన్నట్టే మనుషులకూ ఉన్నాయి. యాభై దాటినవారు ఒక వరస, అరవై దాటినవారు ఒకటి, డెబ్బై దాటినవారికి కూడా ఒకటి! కొత్తగా నేర్చుకునేవాడు, ఆరితేరినవాడు ఒకే తరగతిలో తలపడనక్కరలేదు.

ఈ పునరుద్ధరణలో తప్పక చెప్పుకోవలసిన పేరు జెఫ్ స్మిత్. 1964, 1965లలో బీఎస్ఏ బండిమీద 500 సి.సి. ప్రపంచ విజేత అయిన ఆంగ్లేయుడు. తరువాత కెనడా వెళ్ళి క్యాన్ ఆమ్ బండ్ల తయారీలో పనిచేశారు. ఆపైన ఆర్మా సంఘానికి కార్యనిర్వాహక డైరెక్టరుగా ఉన్నారు. పెద్ద వయసులో తాను కూడా పాత బండ్ల పందేల్లో దిగారు. ఒకప్పుడు ప్రపంచాన్ని గెలిచిన మనిషి, సామాన్యులతో కలిసి ఆదివారం పందెంలో వరసలో నిలబడడం చిన్న విషయం కాదు.

అలాగని అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. పెద్ద వయసులో ఎముక విరిగితే అతకడం కష్టం. ఆ ప్రమాదం తెలిసే దిగాలి. మరో తగువు డబ్బుది. పాత బండ్లకు గిరాకీ పెరిగి ధరలు పెరిగాయి. రిక్‌మన్ సోదరులు తయారుచేసిన మెటిస్ ఫ్రేముల్లాంటివి ఇప్పుడు అచ్చం అలాగే కొత్తగా చేయిస్తున్నారు. నిన్న తయారైన దాన్ని పాత బండి అనవచ్చా? అనవచ్చనేవారూ ఉన్నారు, కూడదనేవారూ ఉన్నారు. నాకు మొదటివారి మాటే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ కాపాడవలసింది ఇనుము ఒక్కటే కాదు. పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలి, పాయింట్లకు ఎంత సందు ఉంచాలి, చక్రం గుంటలో పడబోయే ముందు ఒళ్ళు ఎంత వెనక్కు వంచాలి, ఇవన్నీ చేతులకు, కాళ్ళకు తెలిసిన సంగతులు. బండిని అద్దాల గదిలో పెడితే ఇనుము నిలుస్తుంది గాని ఈ తెలివి నిలవదు. నడిపేవాడు, బాగుచేసేవాడు ఉంటేనే అది తరువాతివారికి అందుతుంది.

మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. అయినా జావా, యెజ్డీ బండ్లు మన రోడ్లమీద ఇంకా తిరుగుతున్నాయంటే, వాటిని ఇష్టపడి నడిపేవారు, విప్పి బిగించే మెకానిక్కులు ఉండబట్టే. ఆ మెకానిక్కు దగ్గర ఒక కుర్రాడు పని నేర్చుకుంటున్నాడా లేదా అన్నది మీరు ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి.

మరొక్క మాట. తరాలుగా తెలుగునేలకు దూరంగా ఉన్న మన ఊళ్ళలో పద్యం పాడగలిగినవారు, కోలాటం నేర్పగలిగినవారు ఉన్నారు. ఏడాదికోసారి వారికి శాలువా కప్పి, దండ వేసి, ముందు వరస కుర్చీలో కూర్చోబెడతాం. మర్యాద మంచిదే. కాని ఆ విదేశీయులు తమ పెద్దలకు కుర్చీ వేయలేదు. వారి బలానికి తగ్గట్టు నిబంధనలు మార్చి, పందెంలో చోటు ఇచ్చారు. మనం కూడా ఆ పెద్దలకు అరగంట వేదిక ఇద్దాం. పాట ఎక్కడైనా ఆగితే ఆగనివ్వండి. పక్కన ఒక పిల్లవాణ్ణి కూర్చోబెడితే చాలు.