వజ్రమునకును బొగ్గునకును గల చుట్టరికము

వజ్రమును, కుంపటిలోని బొగ్గును ప్రక్కప్రక్కన పెట్టి ఈ రెండును ఒకే పదార్థమని చెప్పినచో నమ్మువారు అరుదు. ఒకటి రాజుల కిరీటములకెక్కినది. రెండవది చేతికి మసి అంటించునది. అయినను రెండును కర్బనమే. ఈ నిజము స్థిరపడుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

పదునెనిమిదవ శతాబ్దమున బ్రెజిలులో వజ్రములు బయటపడునంతవరకు ప్రపంచమునకు కావలసిన వజ్రములలో అధికభాగము మన దేశమునుండియే పోయెడివి. కృష్ణాతీరమందలి కొల్లూరు మొదలగు గనులలో దొరికిన రాళ్లు గోల్కొండ వజ్రములను పేరుతో ఐరోపా రాజుల ఖజానాలకు చేరెను. ఇట్టి అమూల్యవస్తువు నిప్పునకు నిలువదని 1694 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున తెలిసినది. అవెరాని, టార్జియోని అను ఇరువురు పెద్ద భూతద్దముతో ఎండను వజ్రముపై కేంద్రీకరించిరి. వజ్రము కరుగలేదు, క్రమముగా చిన్నదై మాయమైనది. బూడిదయైనను మిగులలేదు. మరి, ఆ వజ్రము ఎక్కడకు పోయినది?

సమాధానమునకు దారి చూపినది వాయువులను గూర్చిన పరిశోధన. సున్నపురాయి వంటి పదార్థములలో ఒక వాయువు ఇమిడియున్నదని, అది సున్నపుతేటను పాలవలె తెల్లగా మార్చునని స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ 1750 తరువాతి సంవత్సరములలో చూపెను. అదియే బొగ్గుపులుసు వాయువు. దీనినే నేడు కార్బన్ డైఆక్సైడు అందురు.

ఫ్రాన్సులో లవోజియే 1772లో వజ్రములను కాల్చు ప్రయోగములకు పూనుకొనెను. బొగ్గుపొడిలో గట్టిగా కూరి మూసి ఎంత కాల్చినను వజ్రమునకు హాని కలుగదని ప్యారిసు నగల వర్తకులు వాదించిరి. పరీక్షింపగా వారి మాట నిజమైనది. దీనినిబట్టి గాలి తగులనిదే వజ్రము నశింపదని తేలెను. లవోజియే వజ్రమును మూసిన గాజుపాత్రలో ఉంచి భూతద్దముతో కాల్చి, మిగిలిన గాలిని సున్నపుతేటతో పరీక్షించెను. తేట తెల్లబడినది. బొగ్గును మండించినపుడును అదే జరిగినది. ఐనను రెండును ఒకటేయని అతడు తొందరపడి చెప్పలేదు.

ఆ మాట చెప్పుటకు త్రాసు కావలసివచ్చినది. 1797లో ఇంగ్లండు రసాయనికుడు స్మిత్‌సన్ టెనంట్ రెండున్నర గ్రెయినుల వజ్రమును పెట్లుప్పుతో కలిపి బంగారు గొట్టములో మండించెను. పుట్టిన వాయువును కొలువగా, అంతే తూకము గల బొగ్గు ఇచ్చునంతయే ఉన్నది. 1814లో హంఫ్రీ డేవీ, తన సహాయకుడగు ఫారడేతో ఫ్లారెన్సుకు పోయి, పూర్వపు భూతద్దముతోనే వజ్రమును శుద్ధమైన ఆమ్లజనిలో కాల్చెను. బొగ్గుపులుసు వాయువు తప్ప మరేమియు పుట్టలేదు.

పదార్థము ఒకటేయైనచో గుణములలో ఇంత భేదమేల? దీనికి జవాబు 1913లో ఎక్సు కిరణముల సాయముతో బ్రాగ్ తండ్రీకొడుకులకు దొరికినది. వజ్రములో ప్రతి పరమాణువును నలుదిక్కుల నాలుగు పరమాణువులతో గట్టిగా పెనవేసుకొని ఉండును. కనుకనే దానికి అంతటి కాఠిన్యము. పెన్సిలులోని గ్రాఫైటులో పరమాణువులు పొరలుపొరలుగా అమరియుండును. ఒక పొర రెండవదానిపై సులభముగా జారును. అందుచేతనే అది కాగితముపై గీత విడుచుచున్నది. 1985లో అరువది పరమాణువులు బంతివలె కూడిన రూపమొకటి కనబడెను. 2004లో గ్రాఫైటునుండి ఒకే ఒక పొరను వేరుచేయగలిగిరి. దానికి గ్రాఫీను అని పేరు.

నాలుగు చేతులతో తోటి పరమాణువులను పట్టుకొని గొలుసులు కట్టగల శక్తి కర్బనమునకున్నదని కెకూలే, కూపర్ 1858లో వేర్వేరుగా తెలిపిరి. బియ్యములోని పిండి, నూనె, నూలు, నైలాను అన్నియు ఆ గొలుసుల పనియే.

పరిశ్రమలలో కర్బనము చేసిన పని మరొకటి. 1709లో ఇంగ్లండులో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గుకు బదులు రాక్షసిబొగ్గునుండి తీసిన కోకుతో ఇనుమును కరగించెను. అడవుల కొరత ఇనుమునకు అడ్డు కాలేదు. మన ప్రాంతమున 1871లో విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. సింగరేణి గనులకు అదియే నాంది.

ఫ్లారెన్సు ప్రశ్న ఇచట మరల ఎదురగుచున్నది: మండిన బొగ్గు ఎక్కడకు పోవును? 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ఆమ్లజనితో కలిసి 44 పాళ్ల వాయువగును. అనగా ఒక టన్ను కర్బనము మండినచో మూడున్నర టన్నులకు మించిన వాయువు గాలిలో చేరును. ఆ వాయువు వేడిని పట్టియుంచునని టిండాల్ 1859లో ప్రయోగపూర్వకముగా చూపెను. అది రెట్టింపైనచో భూమి ఎంత వేడెక్కునో ఆర్హీనియస్ 1896లో లెక్కగట్టెను. 1958లో హవాయి దీవులలోని మౌనాలోవా కొండపై కీలింగ్ దానిని ఎడతెగక కొలువ మొదలిడెను. యంత్రయుగమునకు ముందు పదిలక్షల పాళ్ల గాలిలో సుమారు 280 పాళ్లుండిన ఈ వాయువు 1958లో 315 ప్రాంతమునకు, 2024లో 420కి పైకి పెరిగినది.

వెలువడిన వాయువులో ఇంచుమించు సగమును చెట్లును, సముద్రములును పీల్చుకొనుచున్నవి. మిగిలినది గాలిలోనే నిలుచుచున్నది. నాడు మాయమైన వజ్రముగాని, నేడు పొయ్యిలో మాయమగు బొగ్గుగాని నిజముగా మాయమగుటలేదు. కంటికి కనబడని రూపమున మన తలలపైననే ఉన్నది. రెండింటిని తూచిన త్రాసు చెప్పు లెక్క ఇదియే.